ఇరవై ఫ్యాన్లు పంచే ముందు

నమస్కారం. గుణుపురం నుంచి మీరు అడిగిన విషయం నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వీధి తెలుగు సంఘం దగ్గర ఉగాది ఖర్చులు పోను 60,000 రూపాయలు మిగిలాయి. ఊరి చివర రేకుల ఇళ్ళలో ఉంటున్న 20 కుటుంబాలకు తలా ఒక తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను కొనిస్తే వాళ్ళ కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుందని కమిటీలో కొందరు అంటున్నారు. వాళ్ళ బిల్లే నూరో నూట యాభయ్యో, అందులో తగ్గడానికి ఏముంది, అవే ఫ్యాన్లు మన ఇళ్ళలో పెట్టుకుంటే కరెంటైనా ఎక్కువ మిగులుతుంది అని ఒక పెద్దాయన అడ్డు చెప్పారు. ఎవరి మాట నిజమో చెప్పమన్నారు.

నేను రాయగడ దగ్గర ఒక కర్మాగారంలో విద్యుత్ విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, విరమణ తరువాత పర్లాకిమిడిలో స్థిరపడి, అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కరెంటు ఎక్కడెక్కడ వృథా అవుతోందో చూసి చెబుతున్నాను. మేడలూ చూశాను, పాకలూ చూశాను. ఆ అనుభవంతో చెప్పాలంటే, మీ పెద్దాయన చెప్పిన లెక్క తప్పు కాదు. ఆ లెక్క నుంచి ఆయన తీసిన నిర్ణయం మాత్రం తప్పు. ఫ్యాన్లు పంచుదామన్నవారి ఉద్దేశం మంచిదే కాని, వారు ఎంచుకున్న వస్తువు ఆ ఇళ్ళకు తగినది కాదు.

ముందు టారిఫ్ (కరెంటు ధరల పట్టిక) దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆదా విలువ అంతా దానిలోనే ఉంది. ఒడిశాలో గృహ వినియోగదారులకు 2024-25 టారిఫ్ ప్రకారం మొదటి 50 యూనిట్లకు యూనిట్ 3 రూపాయలు, ఆ తరువాత 200 యూనిట్ల వరకు 4.80, 400 వరకు 5.80, అది కూడా దాటితే 6.20. స్థిర చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. ఆదా చేసిన యూనిట్ ఎప్పుడూ బిల్లులో చివరి అంచె నుంచే తగ్గుతుంది కనుక, తక్కువ వాడే ఇంట్లో మిగిలిన యూనిట్ విలువ 3 రూపాయలైతే, ఎక్కువ వాడే ఇంట్లో అదే యూనిట్ విలువ 6.20 అవుతుంది. పేదవాడికి కరెంటు చౌకగా ఇవ్వడం న్యాయమే. దాని వెనుకే, అతను పొదుపు చేసినా పెద్దగా మిగలని పరిస్థితి కూడా వచ్చింది.

ఇప్పుడు మీ ఫ్యానును ఈ అంచెల మీద పెట్టి చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే 45 వాట్ల తేడా వల్ల నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. మీరు చెప్పిన రేకుల ఇంట్లో ఒక ఫ్యాను, మూడు ఎల్ఈడీ బల్బులు, ఒక చిన్న టీవీ ఉన్నాయనుకుంటే నెల వాడకం 37 యూనిట్ల దగ్గర తేలుతుంది. అక్కడ 16 యూనిట్ల ఆదా అంటే నెలకు 48 రూపాయలు. మన ప్రాంతంలో ఫ్యాను బాగా తిరిగేది ఏడాదిలో ఎనిమిది నెలలు కనుక ఏడాదికి 390 రూపాయలకు మించదు. మీ వీధిలో నెలకు 300 యూనిట్లు దాటే ఇంట్లో అదే ఫ్యాను నెలకు 94, ఏడాదికి 750 రూపాయలు మిగులుస్తుంది. అలాంటి ఇంట్లో ఫ్యాన్లు నాలుగైనా ఉంటాయి. మీ పెద్దాయన లెక్క ఇదే, ఇంతవరకు దానిలో తప్పులేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దాన్ని మీ సంఘంలో ఎవరూ గమనించినట్టు లేరు. ఆ 20 ఇళ్ళలో కొన్నింటికి కుటీర జ్యోతి, అంటే పేద ఇళ్ళకు ఇచ్చే చౌక కనెక్షన్ ఉండవచ్చు. అదే 2024-25 టారిఫ్ ప్రకారం నెలకు 30 యూనిట్ల లోపు వాడినంతకాలం వారు కట్టేది 80 రూపాయల స్థిర మొత్తం మాత్రమే. 28 యూనిట్లు వాడినా అదే 80, కొత్త ఫ్యాను పెట్టి 12 యూనిట్లకు దించినా అదే 80. ఆ ఇంటికి మీరు 3,000 రూపాయల ఫ్యాను ఇస్తే బిల్లులో తగ్గేది సున్నా. వేసవిలో 30 దాటి మామూలు అంచెలోకి జారిపోయే ఇంటికి మాత్రం ఆ ఫ్యాను గీత దాటకుండా కాపాడుతుంది, అది కొంత మేలే. కాబట్టి పంచే ముందు ఆ ఇళ్ళ బిల్లులు ఆరు నెలలవైనా తీసుకుని చూడండి.

మామూలు ఫ్యాను 1,300 నుంచి 1,500 వరకు దొరుకుతుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు దానికి రెట్టింపు పెట్టాలి. తేడా 1,300 అనుకోండి. చేతిలో డబ్బున్న కుటుంబం ఆ తేడాను రెండేళ్ళ లోపు రాబట్టుకుంటుంది, ఆ పైన వచ్చేదంతా మిగులు. కూలి మీద బతికే కుటుంబం దగ్గర ఆ 1,300 ఉండవు, అప్పు తేవాలి. మన ఊళ్ళలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే తక్కువ కిందే లెక్క. ఆ వడ్డీకి 1,300 తెస్తే నెలకు 39 రూపాయలు వడ్డీకే పోతుంది. ఫ్యాను మిగిల్చే 390 రూపాయలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 32 వస్తుంది. అంటే ఆదా వడ్డీకి కూడా చాలదు, అసలు అలాగే నిలబడి ఉంటుంది. పేదవాళ్ళకు కరెంటు ఆదా గురించి తెలియదని, అవగాహన సదస్సులు పెట్టాలని అనేవారిని చూస్తే నాకు ఈ లెక్కే గుర్తుకు వస్తుంది. వాళ్ళకు తెలియక కాదు, లెక్క తెలిసే వాళ్ళు కొనరు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. అమెరికాలో జెర్రీ హాస్మన్ అనే ఆర్థికవేత్త ఏసీల కొనుగోళ్ళను పరిశీలించి 1979లో ప్రచురించిన పరిశోధనలో, ధర ఎక్కువైనా కరెంటు తక్కువ తీసుకునే యంత్రాన్ని ఎంచుకోవడంలో ఆదాయాన్ని బట్టి పెద్ద తేడా ఉందని, ఆదాయం తగ్గేకొద్దీ మనుషులు రేపటి ఆదాకు ఇచ్చే విలువ తగ్గిపోతోందని తేల్చాడు. అదే దేశంలో 2006 తరువాత ఇళ్ళకు వేడి, చలి చొరకుండా చేసే పనులకు, సోలార్ పలకలకు, విద్యుత్ వాహనాలకు ఇచ్చిన 18 బిలియన్ డాలర్లకు పైబడిన పన్ను రాయితీలను సెవెరిన్ బోరెన్‌స్టైన్, లూకస్ డేవిస్ 2016లో లెక్కగట్టారు. ఆదాయంలో పైనున్న ఐదో వంతు కుటుంబాలకు ఆ సొమ్ములో దాదాపు 60 శాతం, ఆ ఐదింటిలో కింది మూడు వంతులకూ కలిపి 10 శాతం మాత్రమే చేరిందని చూపించారు. ముందు జేబులోంచి పెట్టుకో, తరువాత తగ్గిస్తాం అనే పద్ధతిలో ఇచ్చే ఏ రాయితీ అయినా, పెట్టుకోగలిగినవాడి ఇంటికే పోతుంది. అసలు పన్నే కట్టనివాడికి పన్ను రాయితీ అక్కరకు రాదు.

మన దేశంలో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకాన్ని కూడా ఇదే కంటితో చూడాలి. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లు, ఆ పైన ఎంతైనా గరిష్ఠంగా 78,000 రూపాయల వరకు కేంద్రం ఇస్తుంది. మంచి పథకమే, మా వీధిలో ఇద్దరికి నేనే దగ్గరుండి పెట్టించాను. మూడు కిలోవాట్ల పలకలు మన ఎండకు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి, నెలకు 450 యూనిట్లు వాడే ఇంటి బిల్లులో పై అంచెలన్నీ దాంతో తుడిచిపెట్టుకుపోతాయి. కాని దానికి సొంత ఇల్లు కావాలి, నీడ పడని స్లాబు కావాలి, మీటరు తన పేరున ఉండాలి, రాయితీ ఖాతాలో పడేదాకా ఆగే స్తోమత గాని, బ్యాంకు నమ్మి అప్పిచ్చే ఆదాయం గాని ఉండాలి. సిమెంటు రేకుల మీద ఆ పలకల బరువు నిలవదు. అద్దె ఇంటివాడికి కప్పు మీద హక్కే లేదు.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ ఉంది, ఎల్ఈడీ బల్బు. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకంలో ప్రభుత్వం బల్బులను కోట్ల లెక్కన ఒకేసారి కొనడంతో, 2014లో ఒక్కొక్కటి 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు పడిపోయింది. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెట్టిన ఇంట్లో, మూడు బల్బులు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 23 యూనిట్లు మిగులుతాయి. 3 రూపాయల అంచెలో కూడా అది 69 రూపాయలు. నాలుగైదు నెలల్లో బల్బుల ఖరీదు తిరిగి వచ్చేసింది. ఎవరి దగ్గరా అప్పు తేనక్కరలేదు, ఇంటి యజమానిని అడగనక్కరలేదు, ఇల్లు మారితే విప్పి సంచిలో వేసుకుపోవచ్చు. పేద ఇంటికి నిజంగా చేరిన ఆదా అంటే నేను ముందు దీన్నే చెబుతాను. అది అవగాహన వల్ల చేరలేదు, ధర పడిపోవడం వల్ల చేరింది. ఫ్యాన్ల ధర ఇంకా ఆ స్థాయికి దిగలేదు.

ఇక పెద్దాయన లెక్కలో లేని సంగతికి వస్తాను. ఆయన మీటరును మాత్రమే చూశారు. రేకుల ఇంట్లో మీటరులో కనపడని నష్టం చాలా ఉంటుంది.

వైశాఖంలో మధ్యాహ్నం రెండు గంటలకు గుణుపురంలో సిమెంటు రేకుల కింద ఒక్క గంట కూర్చుని చూడండి. వంశధార లోయలో గాలి ఆడని రోజుల్లో ఆ రేకు నెత్తి మీద పెనంలా కాగుతుంది, దాని వేడి నేరుగా మనిషి మీద పడుతుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. అది 75 వాట్లదైనా, 30 వాట్లదైనా ఒకటే. రేకు పలుచన కనుక పొద్దుగుంకిన గంటలోనే చల్లబడుతుంది. స్లాబు ఇంటి తీరు వేరు: పగలంతా తాగిన వేడిని అది సాయంత్రం నుంచి గదిలోకి వదలడం మొదలుపెడుతుంది, తెల్లవారుజాము దాకా వదులుతూనే ఉంటుంది. అందుకే రేకుల ఇంటివారు పగలు చెట్టు కిందకు పోతారు, కొత్తగా స్లాబు వేసుకున్నవారు రాత్రి డాబా ఎక్కి పడుకుంటారు. మన ఉత్తరాంధ్ర, గంజాం వైపు పూర్వం కట్టుకున్న గుండ్రటి సుట్టిళ్ళలో మట్టి గోడ, మందపాటి గడ్డి కప్పు, నేల దాకా వాలిన చూరు ఉండేవి. అవి గాలివానకూ తట్టుకునేవి, ఎండనూ ఆపేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మా గజపతి జిల్లాలో గడ్డి ఇల్లు పోయినచోట మళ్ళీ గడ్డి వేసినవారు అరుదు. పక్కా ఇల్లు రావడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే పేద కుటుంబం వాన నుంచి రక్షణ పొంది, ఎండ నుంచి ఉన్న రక్షణను పోగొట్టుకుంది, ఆ లోటును ఇప్పుడు ఫ్యానుతో పూడ్చుకుంటోంది. ఇంటి కరెంటు ఆదా అనగానే అందరూ యంత్రాల పేర్లే చెబుతారు, కప్పు సంగతి ఎవరికీ తోచదు.

ఆ కప్పుకు తెల్ల సున్నం వేయడం వల్ల లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గడం నేను థర్మామీటరు పెట్టి చూసినదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్నే ప్రకటించింది, ఆలోచన అదే: తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. 200 చదరపు అడుగుల రేకుల ఇంటికి సున్నం, జిగురు, కుంచె కలిపి ఆరేడు వందలకు మించదు. వాన పడితే కొంత కొట్టుకుపోతుంది కనుక ఏటా మాఘంలోనో ఫాల్గుణంలోనో మళ్ళీ వేసుకోవాలి. దీనివల్ల బిల్లు ఎంత తగ్గుతుందని అడిగితే, ఏమీ తగ్గకపోవచ్చు. ఆ ఇంట్లో మధ్యాహ్నం బాలింత పడుకోగలుగుతుంది, ముసలివారు వడదెబ్బ తగలకుండా ఇంటిపట్టున ఉండగలుగుతారు, పరీక్షల రోజుల్లో పిల్లలు చదువుకోగలుగుతారు. మేడలో ఉన్నవారికి ఈ సుఖం ముందే ఉంది కనుక వారికి ఆదా డబ్బు రూపంలో వస్తుంది. లేనివారికి అదే ఆదా సుఖం రూపంలో వస్తుంది, మీటరు దాన్ని నమోదు చేయదు.

ఇక్కడ ఒక పాత వాదన కూడా చెప్పాలి. యంత్రం సామర్థ్యం పెరిగితే ఇంధనం తగ్గకపోగా వాడకమే పెరుగుతుందని విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లో ఇంగ్లండు బొగ్గు గురించి రాశాడు. మీ పెద్దాయన చెప్పిన మరొక మాట, ఫ్యాను ఇస్తే వాళ్ళు రాత్రంతా తిప్పుతారు, ఆదా ఎక్కడిది అన్నది, ఈ వాదనకు చుట్టమే. నిజమే, తిప్పుతారు. ఇంతకాలం బిల్లుకు భయపడి అర్ధరాత్రి ఫ్యాను కట్టేసి, దోమల మధ్య విసనకర్రతో కాలం గడిపిన తల్లి ఇప్పుడు తెల్లవార్లూ ఫ్యాను వేసుకుంటే దాన్ని వృథా అనడానికి నా నోరు రాదు. అదే వాదన మేడకు వర్తిస్తే మాత్రం ఆలోచించాలి: ఐదు నక్షత్రాల ఏసీ కొన్నాం కదా అని ఒక గదికి బదులు మూడు గదుల్లో బిగించిన ఇళ్ళు నేను చూశాను, వారి బిల్లు కొన్న ఏడాదే పెరిగింది.

ఏసీ మాట వచ్చింది కనుక మీ వీధివారికి ఒక సూచన. నక్షత్రాల చీటీ (స్టార్ లేబుల్) మీద రాసే ఏడాది వాడకం 1,600 గంటల లెక్కతో కట్టినది. మన దగ్గర చాలా ఇళ్ళలో మూడు నెలలు, రాత్రి ఎనిమిది గంటలు మాత్రమే వేస్తారు, అంటే 700 నుంచి 800 గంటలు. దుకాణంలో చెప్పే ఆదా మన ఇంట్లో సగమే వస్తుంది, పెట్టిన అదనపు ధర తిరిగి రావడానికి రెట్టింపు కాలం పడుతుంది. రోజంతా ఏసీ నడిచే ఇంటికే ఐదు నక్షత్రాలు లాభం, మిగతావారికి మూడు చాలు.

అన్నింటికన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టే వస్తువు పాత ఫ్రిజ్. మేడలోనివారు కొత్త ఐదు నక్షత్రాల ఫ్రిజ్ తెచ్చుకుని, పదిహేనేళ్ళ పాతదాన్ని రెండు మూడు వేలకు అమ్మేస్తారు. కొత్తది రోజుకు అర యూనిట్ లోపే తీసుకుంటుంది, వారికి ఆదా. పాతది ఎక్కడికి పోతుంది? టీ కొట్టు నడుపుకునే కుటుంబానికో, పని మనిషి ఇంటికో పోతుంది. తలుపు రబ్బరు వదులై, చల్లదనం కారిపోతూ, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూ రోజుకు యూనిటున్నర తాగుతుంది. నెలకు 45 యూనిట్లు. 37 యూనిట్లతో మొదటి అంచెలో హాయిగా ఉన్న ఇల్లు 82కు చేరి, 50 దాటిన వాటికి 4.80 చొప్పున కట్టడం మొదలుపెడుతుంది. బిల్లు నెలకు రెండు వందల దాకా పెరుగుతుంది. ఏడాదిన్నరలో ఫ్రిజ్ కొన్నంత డబ్బు మళ్ళీ కరెంటుకు కట్టినట్టే. ఒక ఇంటి ఆదా మరొక ఇంటి భారంగా దిగిపోతుంది, ఊరు మొత్తం మీద కరెంటు ఏమీ తగ్గదు. పర్లాకిమిడిలో ఒక ఇడ్లీ బండి ఆమె నన్ను పిలిచి, మీటరు దొంగలెక్క చూపిస్తోందని మొరపెట్టుకుంది. మీటరు సరిగానే ఉంది. ఫ్రిజ్ తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే, పట్టు లేకుండా జారి వచ్చేసింది. రబ్బరు మార్పించి, గోడకు జానెడు దూరం జరిపించి, వెనుక తీగల మీద దుమ్ము దులిపించాను. మరుసటి నెల బిల్లు మూడో వంతు తగ్గింది. పాత ఫ్రిజ్ అమ్మేవారు కనీసం ఆ రబ్బరు మార్చి అమ్మితే బాగుండునని నాకు ఎన్నిసార్లో అనిపించింది.

మీ చర్చలో మరొక వర్గం అసలు కనిపించలేదు. మేడలవారూ ఉన్నారు, రేకుల ఇళ్ళవారూ ఉన్నారు. మధ్యలో అద్దెకుండే చిన్న ఉద్యోగులు, దుకాణాల్లో గుమాస్తాలు, ఆటో నడిపేవారు లేరు. నా అనుభవంలో ఆదా వల్ల ఎక్కువ లాభపడవలసినవారు, ఆ లాభం అందక నష్టపోయేవారు వీరే. ఒకే ఆవరణలో ఐదు వాటాలు కట్టి, ఒకే మీటరు పెట్టి, లోపల చిన్న మీటర్లు బిగించి, యూనిట్‌కు 8 రూపాయలు చొప్పున వసూలు చేసే యజమానులు మన ఊళ్ళన్నింటిలోనూ ఉన్నారు. ఒక్కొక్క వాటా 80 యూనిట్లు వాడిందనుకోండి. విడివిడి మీటర్లు ఉంటే ఒక్కొక్కరికి 294, ఐదుగురికీ 1,470 రూపాయలు. అన్నీ ఒకే మీటరు మీద 400 యూనిట్లుగా పడితే బిల్లు 2,030 అవుతుంది, ఎందుకంటే సగం యూనిట్లు 5.80 అంచెలోకి పోయాయి. యజమాని 8 చొప్పున వసూలు చేసేది 3,200. ఊళ్ళో అందరికన్నా ఖరీదైన కరెంటు వాడుతున్నది మేడలోని ఏసీ యజమాని కాదు, ఈ వాటా ఇంటి గుమాస్తా. అతనికి ఆదా అయిన యూనిట్ విలువ 8 రూపాయలు, అదే బీఎల్‌డీసీ ఫ్యాను అతని ఇంట్లో నెలకు 128 రూపాయలు మిగులుస్తుంది. కాని ఫ్యాను యజమానిది, యజమాని ఎందుకు మారుస్తాడు? బిల్లు అద్దెకున్నవాడిది, ఫ్యాను ఇంటివాడిది. ఈ ముడి ప్రపంచంలో ఎక్కడా సులువుగా విడలేదు.

నేను వాటాల్లో ఉండేవారికి చెప్పేది ఒకటే: యజమానిని అడగకుండా ఫ్యాను మీరే కొనండి, పాతదాన్ని విప్పి అటక మీద భద్రంగా పెట్టండి, ఇల్లు ఖాళీ చేసే రోజున పాతది తిరిగి బిగించి మీది మీరు తీసుకుపొండి. అర గంట పని. విడి మీటరు కోసం యజమాని ఒప్పుకుంటే అంతకన్నా పెద్ద ఆదా ఏ యంత్రంతోనూ రాదు.

బీఎల్‌డీసీ ఫ్యాను గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే దాని మంచిచెడ్డలు కూడా ఇంటిని బట్టి మారతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివరన ఉండే ఇళ్ళలో సాయంత్రం వోల్టేజి పడిపోతే మామూలు ఫ్యాను మూలుగుతూ తిరుగుతుంది, బీఎల్‌డీసీ మాత్రం వేగం తగ్గకుండా తిరుగుతుంది. ఇది చివరి ఇళ్ళవారికి డబ్బు లెక్కలో రాని మేలు. అదే లైనులో పిడుగు పడినా, న్యూట్రల్ తీగ తెగినా ముందు పోయేది దాని లోపలి ఎలక్ట్రానిక్ పలకే. మామూలు ఫ్యాను నెమ్మదించిందంటే వీధిలో కుర్రాడు తక్కువ ఖర్చుతో కెపాసిటర్ మార్చేస్తాడు, కాలితే వైండింగ్ చుట్టిస్తాడు. బీఎల్‌డీసీ పలక పోతే బరంపురానికో విశాఖపట్నానికో పంపాలి, గ్యారంటీ చీటీ దాచి ఉండాలి, వారం పది రోజులు ఫ్యాను లేకుండా ఉండాలి. రెండో ఫ్యాను ఉన్న ఇంటికి అది చిన్న ఇబ్బంది. ఉన్నదొక్కటే ఫ్యాను అయిన ఇంటికి వేసవిలో అది చాలా పెద్ద ఇబ్బంది.

వంట సంగతి క్లుప్తంగా చెప్పి వదులుతాను. కొండ దిగువ పల్లెల్లో కట్టెలు ఏరుకుని వండే ఇంటికి ఇంధనం ఖర్చు రూపాయల్లో సున్నా కనుక ఆదా కూడా సున్నాగానే లెక్కకు వస్తుంది. మూడు రాళ్ళ పొయ్యి కట్టెలోని వేడిలో పది పదిహేను శాతమే గిన్నెకు చేరుస్తుంది, మిగతాది వృథా, పొగేమో ఆడవారి ఊపిరిలోకి పోతుంది. గ్యాసు పొయ్యికి ప్రమాణం ప్రకారం 68 శాతం ఉండాలి. 2016 మే 1న మొదలైన ఉజ్జ్వలతో సిలిండరు ఇళ్ళకు వచ్చింది కాని, మళ్ళీ నింపించే డబ్బు కుదరని నెలల్లో పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. అక్కడ మిగిలేది కట్టెల కోసం నడిచే గంటలు, దగ్గు, కళ్ళ మంట. వీటికి మీటరే లేదు.

ఇప్పుడు మీ 60,000 విషయం. నా చేతిలో ఉంటే ఇలా ఖర్చుపెడతాను. 20 రేకుల ఇళ్ళకూ సున్నం వేయించడానికి ఇంటికి 700 చొప్పున 14,000 కేటాయిస్తాను. వేసేవారికి రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి: రేకుల మీద నేరుగా అడుగు పెట్టకూడదు, దూలాల మీదుగా చెక్క పలక పరచుకుని దాని మీదే నడవాలి, పాత రేకును పొడిగా గోకడం, రుద్దడం చేయకూడదు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు హాని కనుక నీళ్ళతో తడిపిన తరువాతే మెత్తగా కడగాలి. ఎండ ముదరకముందే, వచ్చే నెల మొదటి వారంలో పూర్తి కావాలి.

తరువాత 33,600 పెట్టి 12 బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొని, వాటిని పంచిపెట్టకుండా, వాటాల్లో అద్దెకుండేవారికి వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తాను. ఒక్కొక్కటి 2,800 అయితే నెలకు 140 చొప్పున 20 నెలలు. వారికి ఫ్యాను తిరిగే నెలల్లో 128 మిగులుతోంది కనుక చేతి నుంచి పడేది పెద్దగా ఉండదు, చలికాలం నాలుగు నెలలు మాత్రం కొంత బరువు. ఆ నాలుగు నెలలూ వాయిదా సగం చేసి గడువు పొడిగించండి. వచ్చిన వాయిదాలతో మళ్ళీ ఫ్యాన్లు కొనండి. ఈ డబ్బు తిరుగుతూనే ఉంటుంది, సంఘం చీటీలు నడిపిన అనుభవం ఉన్నవారు మీలో ఉండే ఉంటారు కనుక వసూలు కష్టం కాదు.

మిగిలిన 12,400ను రేకుల ఇళ్ళ వైరింగుకు ఉంచండి. ఆ ఇళ్ళలో నేను ఎక్కువగా చూసేది కరెంటు వృథా కంటే ప్రమాదం: ఎర్త్ లేని ప్లగ్గులు, ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు, ఇనుప రేకును ఒరుసుకుంటూ పోయే సర్వీసు వైరు. ఇంట్లో అన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే ఎక్కడో కరెంటు కారుతున్నట్టే, దాన్ని వెతికి పట్టుకోగల మేస్త్రీ గుణుపురంలోనే దొరుకుతాడు. మీ పెద్దాయన వంటివారు, అంటే నెలకు 300 యూనిట్లు దాటేవారు, ఫ్యాన్లు మార్చుకోవాలనుకుంటే సంఘం డబ్బు అక్కరలేదు, సొంత డబ్బుతో కొన్నా నాలుగేళ్ళ లోపు తిరిగి వస్తుంది. వారు చేయగలిగిన సాయం మరొకటి ఉంది: తమ పాత ఫ్రిజ్ అమ్మే ముందు తలుపు మధ్య ఒక నోటు పెట్టి చూడమనండి.

ఆ 20 ఇళ్ళ బిల్లులు దొరికితే అంకెలు పంపండి. కుటీర జ్యోతి ఇళ్ళు ఎన్నో, 50 దాటినవి ఎన్నో తెలిస్తే ఈ కేటాయింపులో కొన్ని మార్పులు చెప్పగలను.